కప్పతోలు తేల్చిన ఉప్పు లెక్క

ఓర్వకల్లు పక్క మే నెల ఎండలో పనికి పోయేవాళ్ల చొక్కాల మీద మధ్యాహ్నానికే తెల్లటి చారలు తేలతాయి. చెమటతో పోయిన ఉప్పది. ఎండకు కొత్తవాళ్ల చెమటలో ఉప్పు ఎక్కువ. కొన్నాళ్లు అలవాటైనవాళ్లకు తక్కువ. ఈలోగా ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతాయి. చెమట గ్రంథులు, మూత్రపిండాలు, పెద్దపేగు దాని మాట వింటాయి. పెద్దపేగును మనం మలం నిలవుండే గొట్టంగానే చూస్తాం. అది ఎంత పనిమంతురాలో తెలియడానికి ఒక చిన్న పెట్టె కావలసివచ్చింది.

దాన్ని రూపొందించినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ ఉస్సింగ్. కార్ల్ జెరాన్‌తో కలిసి 1951లో దానితో చేసిన ప్రయోగం ప్రచురించాడు. పెట్టెకు రెండు అరలు, నడుమ బిగించిన కప్పతోలు, రెండు వైపులా ఒకే ఉప్పునీళ్లు. తోలు తనంతట తానే వోల్టేజీ పుట్టిస్తుంది. బయటి నుంచి కరెంటు పంపి ఉస్సింగ్ దాన్ని సున్నాకు దించాడు. ఇక సోడియాన్ని ఒక పక్కకు నెట్టే బలమేదీ బయట లేదు. అయినా అది దాటుతూనే ఉంది! ఎంత దాటిందో రేడియోధార్మిక సోడియంతో కొలిస్తే, పంపిన కరెంటుతో లెక్క సరిపోయింది. బతికున్న కణాలు శక్తి ఖర్చుపెట్టి ఉప్పును తోడుతున్నాయన్నమాట. శరీరశాస్త్రంలో ఇంత సూటి ప్రయోగాలు అరుదని నా నమ్మకం.

1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్ స్విస్ రసాయనవేత్తలతో కలిసి ఆల్డోస్టిరోన్‌ను వేరుచేశారు. 1961లో జాన్ క్రాబే గోదురుకప్ప మూత్రాశయపు పొర మీద ఆ హార్మోను వేసి చూశాడు. వెంటనే ఏమీ జరగలేదు. గంట దాటాక సోడియం రవాణా పెరిగింది. హార్మోను కణంలోకి దూరి, కేంద్రకం చేత కొత్త ప్రోటీన్లు చేయించాలి; ఆలస్యం అందుకే.

తర్వాత ఆ పెట్టెలోకి పేగు పొర వచ్చింది. మన పెద్దపేగుకు రోజూ లీటరున్నర దాకా ఉప్పునీరు చేరితే, మలంతో పోయేది వంద మిల్లీలీటర్లు, కాస్తంత సోడియం. జబ్బు వల్ల పెద్దపేగు తీసేసి, చిన్నపేగును పొట్ట మీదికి తెరిచినవాళ్లకు ఉప్పు నష్టం ఎప్పుడూ ఉంటుంది. వాళ్ల ఒంట్లో ఆల్డోస్టిరోన్ పెరుగుతుంది. కానీ దాని ఆజ్ఞను అమలుచేసే పేగు భాగమే లేదు.

ఆ ఆజ్ఞతో తెరుచుకునే సోడియం ద్వారం జన్యువును 1993లో స్విట్జర్లాండ్‌లో సెసీలియా కనెసా, బెర్నార్డ్ రోసియే బృందం పట్టుకుంది. ఎక్కడనుకున్నారు? ఉప్పు తగ్గించిన మేత పెట్టిన ఎలుకల పెద్దపేగులో. ఉప్పు కరువైతేనే ఆ ద్వారాలు దండిగా తయారవుతాయి మరి.

కలరా మాత్రం హార్మోను కోసం ఆగదు. అందుకే వైద్యులు పెద్దపేగుకున్న మరో దారి వెతికారు. కడప, చిత్తూరు జనం వైద్యానికి రైలెక్కే వెల్లూరులోనే, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, రామకృష్ణ బృందం 48 మంది కలరా రోగులకు మూడు రకాల ద్రవాలు తాగించింది: కొందరికి మామూలు ఓఆర్ఎస్, కొందరికి బియ్యప్పిండి కలిపింది, కొందరికి చిన్నపేగులో అరగని మొక్కజొన్న పిండిపదార్థం కలిపింది. అరగనిది పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. వాటితోపాటు సోడియం, దాని వెంట నీరు లోపలికి పోతాయి. 2000లో ఫలితాలు అచ్చయ్యాయి: మొక్కజొన్న పిండిపదార్థం తాగినవాళ్లకు విరేచనాల పరిమాణం తగ్గింది, మామూలు ఓఆర్ఎస్ తాగినవాళ్లకంటే త్వరగా కట్టుకున్నాయి.