ఊట బురదగా వస్తే

అమ్మణ్ణీ, శ్రీసిటీ ఫ్యాక్టరీలో నిన్ను లైన్ లీడర్ చేసినారంట, సంతోషం. లైనులో పిల్లలచేత పని ఎట్లా చేయించాలి తాతా అని అడిగినావు. పని ఎట్లాగో జరిగిపోతుంది లే. తప్పు జరిగినప్పుడు ఆ పిల్లలు దాచకుండా నీ దగ్గరికొచ్చి చెప్పాలే, అదీ కష్టం.

మన కాలువ సంగతి చెప్తా విను. కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్లు పారి కృష్ణ నీళ్ళు ఊత్తుకోట దగ్గర జీరో పాయింటులో తమిళనాడులోకి వస్తాయి. ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి జలాశయం. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకుంటే నీళ్ళు మన ముఖం చూసేసరికి 1996 అయింది. వచ్చినా దోవలో కట్టలు కారి, తెగి, చేరేది కొంచెమే. పుట్టపర్తి సాయిబాబా ట్రస్టు డబ్బు పెట్టి బాగుచేయించినాక, 2004కు గానీ దారికి రాలేదు.

మట్టికట్ట అన్నాక ఊట తప్పదు. కట్ట అడుగున తడి కనబడినంత మాత్రాన, కాలువ కాసే లష్కరు పని తెలిసినవాడైతే కంగారు పడడు. వంగి దోసిట్లో పట్టి చూస్తాడు. తేటగా ఉంటే అప్పటికి భయం లేదు. బురదగా వస్తే మాత్రం నీళ్ళు లోపలి మట్టిని రేణువు రేణువుగా లాక్కొస్తున్నాయన్నమాట. రేణువు పోయినచోట సందు పడుతుంది, సందులో నీళ్ళ జోరు పెరుగుతుంది, ఆ జోరుకు ఇంకా మట్టి కదులుతుంది. బయటివైపు మొదలైన బొక్క ఎదురు తవ్వుకుంటూ కాలువ దాకా పోతుంది. పోయిందా, గండే. మొదట్లోనే చూస్తే ఊట మీద ఇసుక, దానిపైన కంకర పరిచి, నీళ్ళను పోనిచ్చి మట్టిని ఆపొచ్చు. పోయినసారి చెప్పబోయిన లష్కరును ఇంజనీరు "ఇన్నాళ్ళూ ఏం చూస్తున్నావు రా?" అని నలుగురిలో తిట్టి ఉంటే, ఈసారి ఫోను చేస్తాడా?

తప్పు చెప్పడం గురించే ఇంకో సంగతి. ఎమీ ఎడ్మండ్సన్ అని అమెరికాలో ఒకామె, 1990ల మొదట్లో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు లెక్కపెట్టింది. కలిసికట్టుగా పనిచేసే నర్సుల దగ్గర తప్పులు తక్కువుంటాయి అనుకుంది. లెక్క తిరగబడింది. మంచి జట్లలోనే ఎక్కువ కనబడినాయి! తన అనుమానం చెప్పకుండా ఇంకొకరిని పంపి చూపిస్తే తేలిందేమంటే, ఆ వార్డుల్లో తప్పుల గురించి నోరు విప్పి మాట్లాడుకుంటున్నారు. తక్కిన చోట్ల పైకి రావడం లేదు, అంతే. నీ లైనులో రిజెక్టులు మరీ తక్కువ చూపిస్తే మురిసిపోకు.

ఇక మన పక్కనున్న శ్రీహరికోట. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 బయల్దేరబోతుంటే కంప్యూటర్ ఆపమంది, రెండో దశలో యాసిడ్ లీకు. నిల్వ చాలినంత ఉంది, పర్వాలేదన్నారు నిపుణులు. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం సరేనన్నారు. రాకెట్ సముద్రంలో పడింది. విలేకరుల ముందు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ తానే కూర్చుని మాటలు పడినారు. 1980 జులై 18న 35 కిలోల రోహిణి కక్ష్యకెక్కినప్పుడు కలామును ముందుకు తోసినారు.

ఈ కథ అందరూ చెప్పేదే. నాకు ముచ్చటేసేది నడుమ జరిగిన పని. ఒక వాల్వులో మురికి అడ్డుపడి మూసుకోలేదు, యాసిడ్ కారిపోయింది అని తవ్వి తీసినారు. ఆ సమీక్షలోనే బాధ్యత నాది అని కలాం లేచి నిలబడినారట. ధావన్ లాంటి పెద్దాయన పైన ఉంటేనే ఆ మాట నోట్లోంచి వస్తుంది.

అందుకని, ఏ పిల్లయినా "అక్కా, ఇది పాడైంది" అంటే ముందు "మంచిపని చేసినావు చెప్పి" అను. ఎట్లా అయింది అని అడుగు, ఎవరు చేసినారు అని కాదు. మందలించాలంటే పక్కకు పిలువు. ఒకటి మాత్రం వదలొద్దు: తెలిసి తెలిసి దాస్తే ఊరుకోకు, అది వేరే లెక్క.

ఇంకొకటి, నైట్ షిఫ్టు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒంటి వేడి తగ్గి, కన్ను మూతపడుతుంది. ఎంత శ్రద్ధ ఉన్న పిల్లకైనా ఒళ్ళు మాట వినదు. కష్టమైన చెకింగ్ ఏదన్నా ఉంటే ముందే పెట్టుకో. ఆ వేళ కుర్చీలోంచి లేచి లైను వెంబడి ఒకసారి నడిచిరా, అందరికీ టీ అందిందో లేదో చూడు. రిజెక్టుల లెక్క ఆ తర్వాత అడగొచ్చు.