సూదిలో మందా, నీళ్ళా?

'లూపస్' అంటే లాటిన్ భాషలో తోడేలు. ముఖం మీద చర్మాన్ని తినివేసే పుండ్లను చూసి, తోడేలు కరిచినట్టుందని వెనుకటి యూరపు వైద్యులు ఆ పేరు పెట్టారట. పేరు ఎంత భయంకరంగా వున్నా ఇది ఏ జంతువు వల్లా వచ్చేది కాదు. ఒకరినుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. ఒంటికి కాపలా కాయవలసిన రక్షణశక్తే దారితప్పి సొంత చర్మం మీద పడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఆ తోడేలు నా బుగ్గమీదికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదట రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. తరువాత చెవుల్లో, ఆపైన మాడుమీద. దీన్ని 'డిస్కాయిడ్ లూపస్' అంటారు. ఎండ దీనికి అగ్నికి ఆజ్యం వంటిది. ఎర్రదనం తగ్గినా అక్కడ మచ్చ మిగిలిపోతుంది. మాడుమీద మచ్చ కట్టిన చోట మళ్ళీ వెంట్రుక మొలవదు. అంటువ్యాధి కాదని పేరంటాళ్ళందరికీ ఎవరు చెప్పి రాగలరు? ఒక పెళ్ళిలో అందరికీ గంధం రాస్తూ వచ్చిన ఆవిడ, నా దగ్గరకు వచ్చేసరికి గిన్నె నా ముందు పెట్టి, "మీరే రాసుకోండమ్మా" అన్నది. నవ్వుతూ రాసుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం చాలాసేపు అద్దం ముందునుంచి లేవలేకపోయాను.

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు మలేరియా మందు అంటే మీరు నమ్మకపోవచ్చు. 1894 లోనే లండన్‌లో పేన్ అనే వైద్యుడు దీనికి క్వినైన్ ఇచ్చి చూశాడు. 1951 లో పేజ్ అనే ఆయన, మెపాక్రిన్ అనే మరొక మలేరియా మందుతో గుణం కనిపించిందని 'లాన్సెట్' పత్రికలో రాశాడు. తరువాత హైడ్రాక్సీక్లోరోక్విన్ వచ్చింది. అమెరికాలో దానికి 1955 లో అనుమతి లభించింది. నేను రోజూ మింగే మాత్ర అదే. దానికి తోడు ఏటా కళ్ళ పరీక్ష తప్పదు. 2020 లో కోవిడ్‌కు పనిచేస్తుందన్న ప్రచారం లేచి ఆ మాత్రలు బజారులో కరువైనప్పుడు, మావంటివాళ్ళం పడిన అవస్థ ఇంతా అంతా కాదు. చాలామందికి ఆ మాత్రలూ, పూతమందులూ సరిపోతాయి. నావంటి కొందరికి సరిపోవు.

నిరుడు వేసవిలో మా డాక్టరుగారు, "కొత్త సూదిమందు ఒకటి పరీక్షలో వుంది. చేరతారేమో ఇంట్లో ఆలోచించుకోండి" అన్నారు.

ఇంట్లో ఆలోచన అంటే తెలుసు కదా! "లోకంలో ఎలకలూ కుందేళ్ళూ అయిపోయాయిటే, నా కోడలు కావలసివచ్చిందా?" అన్నారు అత్తగారు. మావారు మాత్రం నెమ్మదిగా, "ఖమ్మం సంగతి గుర్తుందా?" అన్నారు.

గుర్తులేకేం? 2009 లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేలాది బాలికలకు వేశారు. ఎందరికో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. 2010 లో దాన్ని ఆపివేశారు. 2013 లో పార్లమెంటు స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకాను ఈనాడు ఎన్నో దేశాలలో వేస్తున్నారు. టీకా మంచిదా, చెడ్డదా అన్నది ఒక ప్రశ్న. చెప్పి, ఒప్పించి వేశారా అన్నది వేరే ప్రశ్న. నా సంతకం ఇంకొకరు చేయకూడదు. చదవకుండా నేనూ చేయకూడదు అనుకున్నాను.

సమ్మతి పత్రం ఇంటికి తెచ్చుకున్నాను. ఇరవై పైచిలుకు పేజీలు, తెలుగులోనే. మూడు రాత్రులు ఇద్దరం కూర్చుని చదివాము. మందు వల్ల రాగల ఇబ్బందులు వరుసగా రాశారు. ట్రయల్ జరుగుతున్నంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలన్నారు. మన దేశంలో 2019 లో వచ్చిన నియమాల ప్రకారం, ట్రయల్ కారణంగా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారమూ ఇవ్వాలి. ముందుగా ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లే కాక, న్యాయం తెలిసినవారూ, మనవంటి మామూలు మనిషీ వుండాలి. చేరినవారు ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు.

అన్నీ బాగానే వున్నాయి గాని ఒక్కటి మాత్రం గొంతు దిగలేదు. చేరినవారిలో కొందరికి మందు, కొందరికి మందులేని ఉత్త సూది! ఎవరికేది అన్నది చీటీలు వేసినట్టు కంప్యూటరు నిర్ణయిస్తుంది. నాకు తెలియదు, సూది వేసేవారికీ తెలియదు. "ఇంత దూరం వచ్చి నీళ్ళు పొడిపించుకోవడమా?" అని అడిగేశాను.

డాక్టరుగారు నవ్వలేదు. "మీ మచ్చలు వేసవిలో రేగి, చలికాలంలో వాటంతటవే కొంత తగ్గుతాయా, లేదా?" అన్నారు. తగ్గుతాయన్నాను. "అలాంటప్పుడు, తగ్గింది మందుతోనో చలితోనో ఎలా చెప్పడం?" అని ఒక ఉదాహరణ చూపించారు. లిటిఫిలిమాబ్ అనే మందును చర్మపు లూపస్ వున్న 132 మందిమీద పరీక్షించి, 2022 లో ఫలితాలు ప్రకటించారు. పదహారు వారాలకు మందు పొందినవారిలో, మోతాదును బట్టి, జబ్బు ఉధృతి సగటున 39 నుంచి 48 శాతం దాకా తగ్గింది. ఉత్త సూది వేయించుకున్నవారిలోనూ సుమారు 14 శాతం తగ్గింది! ఆ 14 తెలియకపోతే మిగతా లెక్కంతా అబద్ధమే అవుతుంది. కాబట్టి ఉత్త సూది వేయించుకున్నవారు వృథాగా కూర్చున్నవారు కారు; తక్కెడలో రెండో సిబ్బె వాళ్ళే. పైగా నా పాత మాత్రలు మానవలసిన పని లేదన్నారు.

చేరాను. వెళ్ళినప్పుడల్లా రక్తం తీస్తారు, ఫొటోలు తీస్తారు, ఒళ్ళంతా భాగాలుగా చూసి మార్కులు వేస్తారు. ఆ మార్కుల పద్ధతి 2005 లో వచ్చింది. ఎరుపుకూ, పొట్టుకూ ఒక లెక్క. మానిపోయి మిగిలిన మచ్చలకు వేరొక లెక్క. ఆ రెండు కాలమ్‌లు చూసినప్పుడు నా పరిస్థితి నాకు స్పష్టంగా తెలిసింది. పోయిన జుట్టును ఏ సూదీ తెచ్చిపెట్టదు. ఇంకా మచ్చ కట్టని చోటు కోసమే ఈ పోరాటమంతా.

నా సూదిలో వున్నది మందో నీళ్ళో నాకు ఇంకా తెలియదు. ట్రయల్ పూర్తయ్యాకనే చెబుతారు. బుగ్గమీద ఎరుపు కాస్త తగ్గినట్టే వుంది. అది మందు మహిమో, మార్గశిర మాసం చలవో!

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి పిలుపు వస్తే భయపడి వద్దనకండి, మొహమాటపడి సరేననకండి. ట్రయల్ రిజిస్టరు నంబరు అడగండి. మన దేశంలో 2009 నుంచి నమోదు తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు రాసుకోండి. పాత మందులు సాగుతాయా, రాకపోకల ఖర్చు ఎవరిది, ట్రయల్ అయ్యాక మందు దొరుకుతుందా అని అడగండి. విసుక్కునేచోట సంతకం చేయకండి.

అత్తగారు ఇప్పటికీ పూర్తిగా సమాధానపడలేదు. ఆమెతో నేను అన్నది ఒక్కటే: "రోజూ నేను మింగే మాత్రను కూడా ఒకప్పుడు ఎవరో గుణం తెలియకుండానే మొదట మింగి చూశారు కదా, అత్తయ్యా! వాళ్ళూ ఎవరి ఇంటి కోడళ్ళో."