నాలుగు తీగల పురి

మెదడు కణాల విద్యుత్ స్పందనలను వినే టెట్రోడ్ తయారీకి కర్మాగారం అక్కర్లేదు. సన్నటి నైక్రోమ్ తీగ, దాన్ని మెలితిప్పే చిన్న మోటారు, కాస్త వేడిగాలి చాలు. ఒక్కో తీగ మందం 12, 13 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో ఐదారో వంతు. ఇన్సులేషన్ పూత ఉన్న అలాంటి తీగలు నాలుగింటికి కలిపి పురిపెట్టి, అవి ఒకదానికొకటి అతుక్కునేలా వేడి తగిలించి, కొస కత్తిరిస్తారు. అక్కడ బయటపడిన నాలుగు లోహపు చుక్కలకు బంగారు పూత పూస్తారు. మెదడులో జ్ఞాపకాన్ని మోసే నాడీకణాల గుంపు మాటను మనిషి వినగలిగింది ఈ చేతిపనితోనే.

గుంపు ఉంటుందన్న ఊహ పాతదే. కలిసి పదేపదే స్పందించే కణాల మధ్య బంధం బలపడుతుందని, అలా ముడిపడిన సమూహమే మెదడులో అనుభవానికి ఆనవాలని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో రాశారు. అది నిజమో కాదో తేలాలంటే అనేక కణాలను ఒకే క్షణంలో వినాలి. అప్పటి ఎలక్ట్రోడ్‌తో ఒక్క కణాన్ని నమ్మకంగా పట్టుకోవడమే కష్టం. 1971లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో ‘స్థల కణాల’ను కనుగొన్నారు. ఎలుక ఫలానా చోటికి వచ్చినప్పుడే జోరుగా స్పందించే కణాలవి. 2014లో ఓకీఫ్‌కు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన ఆ పరిశోధన కూడా కణాలను ఒక్కొక్కటిగా వింటూ చేసిందే.

చిక్కు ఎక్కడంటే, హిప్పోకాంపస్‌లో కణాలు ఒత్తుగా కిక్కిరిసి ఉంటాయి. తీగ దించితే చుట్టుపక్కల కణాలన్నీ ఒకేసారి వినబడతాయి. ఒక్కో స్పందన నిడివి సుమారు మిల్లీసెకను, బలం మహా అయితే కొన్ని వందల మైక్రోవోల్టులు. ఏది ఏ కణానిదో చెప్పడమెలా? పెళ్లిపందిట్లో కళ్లు మూసుకుని ఒక్కరే నిలబడితే గొంతులన్నీ కలగాపులగమే. నలుగురు నాలుగు రాటల దగ్గర నిలబడి, ఏ గొంతు ఎవరికి ఎంత గట్టిగా వినబడిందో పోల్చి చూసుకుంటే పలికినవాళ్లు ఎక్కడున్నారో పట్టేయొచ్చు. టెట్రోడ్ కిటుకు అదే. ఒకే స్పందన నాలుగు తీగల మీద నాలుగు వేర్వేరు ఎత్తుల్లో నమోదవుతుంది. ఆ నాలుగు అంకెల పొందికే ఆ కణానికి గుర్తింపు.

ముందు రెండు తీగలతో ప్రయత్నించారు. బ్రూస్ మెక్‌నాటన్, ఓకీఫ్, కేరల్ బార్న్స్ 1983లో వివరించిన స్టీరియోట్రోడ్ అది. మెదడు కణజాలానికి పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉన్నాయి కాబట్టి, వేర్వేరు చోట్ల ఉన్న కణాలు రెండు తీగలకు ఒకేలా వినబడవచ్చు. ఓకీఫ్, మైకేల్ రెచ్చీ తీగలను నాలుగు చేశారు.

1993లో అరిజోనా విశ్వవిద్యాలయంలో మాథ్యూ విల్సన్, మెక్‌నాటన్ టెట్రోడ్లతో ఒక్కో ఎలుకలో 73 నుంచి 148 కణాల దాకా ఒకేసారి విన్నారు. కణాల స్పందనలను మాత్రమే చూసి ఎలుక ఎటు కదులుతోందో లెక్కకట్టగలిగారు. ఏ ఒక్క కణమూ ఆ సంగతి అంత కచ్చితంగా చెప్పలేదు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ మరుసటి ఏడు వాళ్లు ప్రచురించిన ప్రయోగం. ఎలుక తిరుగుతున్నప్పుడు జంటగా స్పందించిన కణాలు, తర్వాత అది గాఢనిద్రలో ఉన్నప్పుడూ జంటగానే స్పందించాయి. తిరగకముందు పడుకున్న నిద్రలో ఆ జత అంత బలంగా లేదు. అంటే పగటి అనుభవం గుంపులో ముడి వేసిపోయింది, నిద్రలో ఆ ముడి మళ్లీ కదిలింది. హెబ్ ఊహకు ఇంత దగ్గరి సాక్ష్యం రావడానికి 45 ఏళ్లు పట్టింది. కొరవడింది మేధస్సు కాదు, వినే సాధనం.

నిద్రలోని ఈ పునశ్చరణ ఉత్త ప్రతిధ్వనేమో అన్న అనుమానం సహజం. 2009లో గాబ్రియెల్ జిరార్దో బృందం, పునశ్చరణకు తోడుగా వచ్చే వేగవంతమైన విద్యుత్ తరంగాలను నిద్రపోతున్న ఎలుకల్లో పుట్టగానే అణిచివేసింది. అంతే విద్యుత్తును వేరే క్షణాల్లో అందుకున్న ఎలుకలకన్నా ఇవి దారి నేర్చుకోవడంలో వెనకబడ్డాయి.

2017లో న్యూరోపిక్సెల్స్ వచ్చింది. సిలికాన్‌తో చేసిన ఒకే సూది మీద 960 వినికిడి బిందువులు. వాటిలో 384 ఒకేసారి పనిచేస్తాయి. అక్కడా పక్కపక్క బిందువుల మీద స్పందన ఎత్తుల తేడాను పోల్చి కణాలను విడదీస్తారు. టెట్రోడ్ నేర్పిన పద్ధతి అది. టెట్రోడ్ మాత్రం మూలపడలేదు. చౌక, మెత్తన, ప్రయోగశాలలోనే చేసుకోవచ్చు. పరిశోధక విద్యార్థులు ఇప్పటికీ ఆ తీగలకు పురిపెడుతూనే ఉన్నారు.