ఒకే వేదిక మీద: జాతి వివక్షకు ఎదురు నిలిచిన పాటల రాత్రులు

కిందటి ఏడాది వార్షికోత్సవం రిహార్సల్స్ జరుగుతున్న ఒక శనివారం, మన బడి పిల్లవాడొకడు మా దగ్గరకి వచ్చి, "ఆంటీ, మా ఫ్రెండ్‌ని కూడా ప్రోగ్రాంలో పెట్టచ్చా? వాడు డ్రమ్స్ చాలా బాగా వాయిస్తాడు" అని అడిగాడు. ఆ స్నేహితుడి తాతగారు జమైకా నుంచి ఈ దేశానికి వచ్చినవారు. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకుని, "చూద్దాంలే నాన్నా" అన్నాం. తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు "చూద్దాం" అంటే ఏమిటో పిల్లలకి బాగా తెలుసు. వాడు మళ్ళీ అడగలేదు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. మనది తెలుగు కార్యక్రమం కదా, వేరేవాళ్ళకి చోటెక్కడ అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. కానీ నిజం చెప్పాలంటే కారణం అదొక్కటే కాదు. పెళ్ళి సంబంధం అనగానే పిల్ల రంగు అడిగే అలవాటు, ఇల్లు కొనేటప్పుడు ఆ వీధిలో ఎవరెవరు ఉంటారని ఆరా తీసే అలవాటు మనకి కొత్తవి కావు. మన మీద వివక్ష చూపిస్తే బాధపడే మనం, మన మనసులో ఉన్నదాన్ని మాత్రం తరచి చూసుకోం.

అందుకే ఈ సంచికలో, మనం ఉంటున్న ఈ దేశంలోనే ఒకప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలనుకున్నాం. మన పిల్లలకి స్కూలు పాఠాల్లో ఇది ఎదురుపడకపోవచ్చు.

అది 1976వ సంవత్సరం. బ్రిటన్‌లో నిరుద్యోగం పెరుగుతోంది. వలస వచ్చినవారిని వెనక్కి పంపించెయ్యాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ వీధుల్లో ఊరేగింపులు తీస్తోంది. ఆ జూన్ నెలలో లండన్ సౌతాల్‌లో గురుదీప్ సింగ్ చగ్గర్ అనే 18 ఏళ్ళ కుర్రవాణ్ణి నడివీధిలో పొడిచి చంపారు. ఆ తర్వాత ఆగస్టు 5న బర్మింగ్‌హామ్‌లో జరిగిన కచేరీలో ప్రఖ్యాత గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వలసదారులను దూషిస్తూ, వారికి వ్యతిరేకంగా 1968లో ప్రసంగించిన ఎనాక్ పావెల్‌ను సమర్థిస్తూ మాట్లాడాడు. (ఆ రోజుల్లో తన ప్రవర్తనకు సిగ్గుపడుతున్నానని 2018లో ఆయనే చెప్పాడు.)

క్లాప్టన్ వాయించిన బ్లూస్ నల్లజాతివారి సంగీతం. 1974లో అమెరికాలో అగ్రస్థానానికి చేరిన ఆయన పాట జమైకా గాయకుడు బాబ్ మార్లే రాసినది. వాళ్ళ పాట కావాలి గాని వాళ్ళు పక్కన ఉండకూడదా అని కోపం వచ్చిన కొందరు, ఫొటోగ్రాఫర్ రెడ్ సాండర్స్, ఆయన మిత్రుడు రోజర్ హడిల్ మొదలైనవారు, సంగీత పత్రికలకు ఒక ఉత్తరం రాశారు. జాతి వివక్షకు ఎదురుగా సంగీతకారులు, శ్రోతలు ఒక్కటవుదాం రండి అని పిలుపునిచ్చారు. దానికి ఎందరో స్పందించారు. అలా పుట్టినదే "రాక్ అగైనెస్ట్ రేసిజం".

వీరి మొదటి కచేరీ అదే ఏడాది నవంబరులో తూర్పు లండన్ ఫారెస్ట్ గేట్‌లోని ప్రిన్సెస్ ఆలిస్ అనే పబ్బులో జరిగింది. కారల్ గ్రైమ్స్ పాడారు. మనలో చాలామంది గుడికీ, ఇండియన్ సరుకులకీ వెళ్ళే ఈస్ట్ హామ్‌కి అది దగ్గరే.

ఈ పాటల రాత్రులు ఎలా నడిచేవో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళోనే ఒక చిన్న బృందంగా ఏర్పడి, పబ్బు గదో కాలేజీ హాలో మాట్లాడుకునేవారు. తెల్ల కుర్రవాళ్ళ పంక్ బ్యాండునీ, నల్ల కుర్రవాళ్ళ రెగె బ్యాండునీ ఒకే రాత్రి ఒకే వేదిక మీద పెట్టడం వారి పద్ధతి. ఆఖరున వీలైనచోటల్లా రెండు బృందాలూ కలిసి వాయించేవి. ఉపన్యాసాలు తక్కువ. "టెంపరరీ హోర్డింగ్" అనే సొంత పత్రిక అమ్మేవారు, బ్యాడ్జీలు పంచేవారు. వచ్చినవాళ్ళలో చాలామంది పాట కోసమే వచ్చేవారు. పంక్ కోసం వచ్చినవాడు రెగె కూడా విని వెళ్ళేవాడు. తన పక్కన నిలబడి తల ఊపుతున్నవాడు వేరే రంగువాడని అప్పుడు గమనించేవాడు.

ఇది ఎందుకు పని చేస్తుంది? గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో పక్షపాత బుద్ధి గురించి ఒక పుస్తకం రాశారు. రెండు వర్గాలవారు ఎదురుపడినంత మాత్రాన ద్వేషం తగ్గిపోదని, అందుకు కొన్ని షరతులు ఉన్నాయని అందులో చెప్పారు. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి. ఇద్దరిదీ ఒకే లక్ష్యం కావాలి. ఆ లక్ష్యం కోసం కలిసి పని చెయ్యాలి. దానికి పెద్దల, సంస్థల మద్దతు కనబడాలి. రోజూ ఒకే బస్సులో ప్రయాణించినా పరిచయం కాని మనుషులు, ఒక్క పాట కలిసి వాయిస్తే దగ్గరవడంలో ఆశ్చర్యం లేదు. తాళం తప్పకుండా వాయించాలంటే పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినక తప్పదు.

మన తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. 1940లలో ప్రజానాట్యమండలి కళాకారులు బుర్రకథను ఊరూరా తీసుకెళ్ళి, కథ వినడానికి కూడిన జనానికి సమాజం గురించి చెప్పారు. ఉపన్యాసానికి రానివాడు కూడా గుమ్మెట మోగితే వస్తాడని వారికి తెలుసు.

1978 ఏప్రిల్ 30న ఈ ఉద్యమం పెద్ద పండగే చేసింది. యాంటీ నాజీ లీగ్‌తో కలిసి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి తూర్పున ఉన్న విక్టోరియా పార్కు దాకా ఊరేగింపు, అక్కడ ఉచిత కచేరీ. నిర్వాహకులు ఊహించినదానికంటే ఎన్నో రెట్లు జనం వచ్చారు. వారి సంఖ్యను 80,000 అని కొందరు, లక్ష అని కొందరు చెబుతారు. ది క్లాష్, టామ్ రాబిన్సన్ బ్యాండ్, బర్మింగ్‌హామ్ హ్యాండ్స్‌వర్త్ నుంచి వచ్చిన రెగె బృందం స్టీల్ పల్స్ వాయించాయి. సోమాలియా తండ్రికి, బ్రిటిష్ తల్లికి పుట్టిన గాయని పాలీ స్టైరీన్ తన ఎక్స్-రే స్పెక్స్ బృందంతో పాడింది.

అయితే పాట పాడగానే లోకం మారిపోయిందని మేము చెప్పడం లేదు. ఆ కచేరీ జరిగిన నాలుగు రోజులకే, మే 4న, ఆ పార్కుకి ఎంతో దూరం లేని వైట్‌చాపెల్‌లో, బట్టల కార్ఖానాలో పని చేసే అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశీ యువకుణ్ణి పని నుంచి ఇంటికి వెళుతుండగా చంపేశారు. పది రోజుల తర్వాత సుమారు 7,000 మంది ఆయన శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసం వరకు నడిచారు. ఆ నడకలో ముందున్నవారు ఆ పేటలోని బెంగాలీలే. ఇప్పుడక్కడ ఆయన పేరు మీద ఒక పార్కు ఉంది. ఆ సెప్టెంబరులో దక్షిణ లండన్‌లో మరో పెద్ద కచేరీ జరుగుతుంటే, అదే రోజు నేషనల్ ఫ్రంట్ తూర్పు లండన్‌లో ఊరేగింది. బెంగాలీల బ్రిక్ లేన్‌కి కాపలాగా నిలవాల్సినవాళ్ళు పాటలు వింటూ ఉండిపోయారన్న విమర్శ వచ్చింది. ఈ వేదికల మీద ఆసియా వాళ్ళు చాలా తక్కువగా కనిపించారన్నది మరో విమర్శ. రెండింటిలోనూ నిజముంది.

మరి పాటల వల్ల ఒరిగినదేమిటి? దానికి జవాబు సౌతాల్‌లో దొరుకుతుంది. అక్కడ మిస్టీ ఇన్ రూట్స్ అనే రెగె బృందం, పీపుల్ యునైట్ అనే సంగీతకారుల సంఘం ఉండేవి. ది రట్స్ అనే తెల్ల కుర్రవాళ్ళ పంక్ బ్యాండు మొదటి రికార్డును 1979లో ఆ సంఘమే విడుదల చేసింది. ఆ ఏప్రిల్ 23న సౌతాల్ టౌన్ హాలులో నేషనల్ ఫ్రంట్ సభకు వ్యతిరేకంగా స్థానికులు వీధుల్లోకి వచ్చారు. ఆ గొడవలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన టీచరు బ్లెయిర్ పీచ్ తలకు దెబ్బ తగిలి మరణించారు. ఆ దెబ్బ కొట్టింది ఒక పోలీసే అయి ఉంటాడని 2010లో బయటపెట్టిన పోలీసు నివేదిక తేల్చింది. మిస్టీ బృందం మేనేజరు క్లారెన్స్ బేకర్ తల పగిలి ప్రాణాపాయంలో పడ్డారు. మూడు వందల మందికి పైగా జనం మీద కేసులు పెట్టారు. జూలైలో ది క్లాష్, ది రట్స్, మిస్టీ ఇన్ రూట్స్ తదితరులు లండన్ రెయిన్‌బో థియేటర్లో రెండు రాత్రులు వాయించి, ఆ కేసుల ఖర్చుకి డబ్బు పోగు చేశారు. కష్టం వచ్చినప్పుడు ఎవరికి కబురు పెట్టాలో వాళ్ళకి ముందే తెలుసు. ఆ పరిచయం ఇచ్చింది పాటలే.

1979 మే ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్ 303 స్థానాల్లో పోటీ చేసి ఒక్కటీ గెలవలేదు. దేశం మొత్తం మీద దానికి 0.6 శాతం ఓట్లే వచ్చాయి. అందుకు వేరే రాజకీయ కారణాలూ ఉన్నాయి. కానీ ఆ పార్టీ బ్యాడ్జీ పెట్టుకోవడం గొప్ప అనుకునే కుర్రవాళ్ళకి అది పరువు తక్కువ అనిపించేలా చేయడంలో ఈ పాటల రాత్రుల వంతు తప్పకుండా ఉంది. చివరి పెద్ద కచేరీ 1981 జూలైలో లీడ్స్‌లో జరిగింది. ఆ స్ఫూర్తితో 2002లో "లవ్ మ్యూజిక్ హేట్ రేసిజం" మొదలైంది.

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటు. 2024 జూలై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారులు హత్యకు గురైనప్పుడు, హంతకుడు శరణార్థి అని పుకారు పుట్టించి, ఎన్నో ఊళ్ళలో అల్లర్లు చేశారు. ఆ వారం మనలో చాలామంది పిల్లల్ని బయటికి పంపలేదు. మన ఆగస్టు 15 సన్నాహాలు వాయిదా వేసుకున్నాం. ఆగస్టు 7న వేలాదిమంది వీధుల్లోకి వచ్చి, "మేము మీతో ఉన్నాం" అని నిలబడ్డారు. వాళ్ళలో అన్ని రంగులవాళ్ళూ ఉన్నారు. ఆ రాత్రి టీవీలో వాళ్ళని చూసి మనం ఊపిరి పీల్చుకున్నాం. కానీ వాళ్ళలో ఎంతమందిని మనం మన పండగలకి పిలిచాం?

అందుకని ఈసారి మేము "చూద్దాం" అనడం మానేశాం. ఆ పిల్లవాణ్ణీ, అతని స్నేహితుణ్ణీ పిలిచి అడిగాం. మన బడిలో మృదంగం నేర్చుకుంటున్న అమ్మాయి, ఆ అబ్బాయి ఆరు వారాలుగా కలిసి సాధన చేస్తున్నారు. మొదటి రోజు ఇద్దరి తాళాలూ కలవలేదు. ఆ అమ్మాయి ఆదితాళం చేతితో వేసి చూపించింది. అతను రెగెలో దెబ్బ ఎక్కడ పడుతుందో చూపించాడు. అతిథి అంశంగా పక్కన పెట్టకుండా, కార్యక్రమ పట్టికలో ఇద్దరి పేర్లూ ఒకే వరసలో వేశాం. ఈసారి భోజనం టిక్కెట్ల మీద మిగిలినది, మన పేటలో ద్వేషపు దాడులకు గురైనవారికి సాయపడే సంఘానికి ఇవ్వాలని కమిటీ తీర్మానించింది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. వారి అంశం అన్నిటికంటే చివరిది. బిర్యానీ వాసన వచ్చిందని ముందే లేచి వెళ్ళకండి. ఆ అబ్బాయి అమ్మగారు, తాతగారు కూడా వస్తున్నారు. వారికి ముందు వరసలో ఒక కుర్చీ చూపించి, పక్కన కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడండి.