వేగమా? భద్రమా?

“నిదానమే ప్రధానం” అన్న మన పెద్దలే “ఆలస్యం అమృతం విషం” అని కూడా అన్నారు. ఈ రెండు సామెతల తగవు మన ఇంట్లోని కంప్యూటర్‌లో రోజూ నడుస్తూనే ఉంటుంది. సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు తీసిన ఫోటోలు, నాన్నగారి మాటల రికార్డింగు, ఉగాదికి పిల్లలు వేసిన నాటిక వీడియో – ఇవేవీ పోతే మళ్ళీ దొరికేవి కావు. అందుకని ఆ తగవేమిటో తెలుసుకోవడం మంచిది.

“సేవ్” నొక్కగానే ఫైలు డిస్కు మీదికి చేరిపోయిందనుకుంటాం. నిజానికి చాలాసార్లు అది ముందు మెమొరీలోనే ఆగుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. మెమొరీలో రాయడానికి సెకనులో కోటో వంతు చాలు. ప్రతి చిన్న రాతకూ డిస్కు కోసం ఆగితే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఎస్.ఎస్.డి.లు ఎంతో వేగంగా పనిచేసినా పద్ధతి మాత్రం ఇదే.

కిరాణా కొట్టు గుమాస్తాను తలుచుకోండి. రద్దీలో పద్దులన్నీ చీటీ మీద గీసుకుని, తీరిక దొరికాక ఖాతా పుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ చీటీయే “రైట్ కాష్”. ఈలోగా చీటీ ఎగిరిపోతే బాకీ గల్లంతే! కరెంటు పోతే మెమొరీలోని రాత గతీ అంతే.

ఇది పాత కథే. 1993లో ఎం.ఎస్. డాస్ 6.0తో వచ్చిన స్మార్ట్‌డ్రైవ్ ఇలాగే రాతను వాయిదా వేసేది. ప్రాంప్ట్ కనబడగానే స్విచ్ ఆర్పేస్తే ఫైళ్ళు దెబ్బతినే ప్రమాదం ఉండేది. ఆ ఏడాదే వచ్చిన 6.2లో, డిస్కు మీద రాత పూర్తయ్యాకనే ప్రాంప్ట్ వచ్చేటట్లు మార్చారు. 2018లో విండోస్ 10 కూడా పెన్‌డ్రైవ్‌ల వంటి వాటికి వేగం కొంత తగ్గినా సరేనని “క్విక్ రిమూవల్” పద్ధతినే మామూలు అమరికగా చేసింది.

విండోస్‌లోని ఎన్.టి.ఎఫ్.ఎస్. తన మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. అందువల్ల కరెంటు పోయినా డిస్కు సాధారణంగా కోలుకుంటుంది. కానీ ఆ చిట్టాలో ఉండేది ఫైళ్ళ పేర్లు, స్థానాల లెక్కే. మీ ఫోటో కాదు.

మరి ఏం చేయాలి? లోపలి డిస్కుకు కాష్ ఉండనివ్వండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీయే రక్ష. బల్లమీది కంప్యూటర్‌కు యు.పి.ఎస్. పెట్టుకోండి. కాష్‌ను డిస్కు మీదికి దింపే పనిని ఆపే రెండో గడి విండోస్‌లో ఉంటుంది. దానికి టిక్కు పెట్టకండి. బయటి డిస్కును “ఎజెక్ట్” చేశాకే తీయండి.

డిస్కు మీదికి చేరినంత మాత్రాన భద్రమనీ అనుకోరాదు. 2012 ఆగస్టు 15న సౌదీ అరాంకోలో షామూన్ వైరస్ సుమారు 30,000 కంప్యూటర్ల డిస్కులను చెరిపేసింది. అక్కడ పోయినవి చీటీలు కావు, ఖాతా పుస్తకాలే! రెండో ప్రతి ఉంటేనే అటువంటి నష్టం నుంచి తేరుకోగలం. అదీ కంప్యూటర్‌కు తగిలించి ఉంచని ప్రతి కావాలి.

ఈసారి సెలవుకు వెళ్ళేటప్పుడు ఆ ప్రతినొకదాన్ని వెంట తీసుకెళ్ళి, అమ్మానాన్నల బీరువాలో దాచి రండి.