మిల్లీమీటరులో అయిదో వంతు

యాభయ్యేళ్ల నాటి ఫ్రెంచి రేసు సైకిలును ఇంట్లోనే మళ్లీ రోడ్డెక్కించాలంటే బలం కన్నా ముందు కొలత కావాలి.

ఫ్రాన్సులో పాత అపార్టుమెంట్లకు చాలావాటికి నేలమాళిగ ఉంటుంది. అందులో ఒక్కో ఇంటికి ఒక్కో చీకటి గది. ‘కావ్’ అంటారు. వైన్ సీసాలు, కాలు విరిగిన కుర్చీలు, పిల్లలు ఎదిగిపోయాక మిగిలిన బొమ్మలు... వీటన్నిటి వెనక గోడకు ఆనించి చాలాసార్లు ఓ సైకిలు కనిపిస్తుంది. టైర్లు ఎండి బీటలు వారి ఉంటాయి. చైను తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. తాతగారో, మేనమామో కుర్రతనంలో తొక్కిన బండి. ఇల్లు అమ్మేటప్పుడో, ఆయన పోయాకో అది వీధిలోకి వస్తుంది. ఎండలు మొదలయ్యాయంటే ఇక్కడ ఊరూరా ఆదివారాలు ‘వీద్ గ్రెనియే’లు పెడతారు. అటకలు ఖాళీ చేసి, పాత సామాన్లు వీధిలో పరిచి అమ్ముకునే సంతలవి. లియాన్‌లో ఉంటున్న నాకు నా ప్యూజో పీఎక్స్-10 అలాంటి సంతలోనే దొరికింది.

1970ల తొలినాళ్ల బండి. తెల్ల రంగు. ఫ్రేముకు రేనాల్డ్స్ 531 గొట్టాలు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1935లో పుట్టిన మాంగనీస్, మాలిబ్డినం ఉక్కు అది. అతుకు పడే చివర్లలో గొట్టం మందంగా, నడుమ పలచగా ఉంటుంది. అందుకే అంత తేలిక. గొట్టాలు కలిసే చోట నెర్వెక్స్ లగ్గులు. ఉలితో చెక్కినట్టు అంచులు మెలికలు తిరిగి ఉంటాయి. ప్యూజో వాళ్లు 1882లోనే ఎత్తు చక్రం సైకిలు చేశారు. పీఎక్స్-10 నాటికి వాళ్ల జట్టు తొడిగే నలుపు తెలుపు గళ్ల చొక్కా ఐరోపా అంతా తెలుసు. ఎడ్డీ మెర్క్స్ 1966లో, 67లో మిలాన్-సాన్ రేమో పందెం గెలిచింది ఆ చొక్కాలోనే. బెర్నార్ తెవెనే 1975లో, 77లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిందీ ఆ జట్టు తరఫునే. డబ్బు కూడబెట్టుకున్న కుర్రాడెవడైనా దుకాణానికి వెళ్లి ఆ పేరున్న అసలు రేసు సైకిలు కొనుక్కోవచ్చు. పీఎక్స్-10 అంటే అదీ.

ఇలాంటి బండి ఇంటికొచ్చిన రోజే చాలామంది పానా తీస్తారు. నా మాట వినండి, ఆ రోజు పానా ముట్టుకోకండి. వెర్నియర్ కాలిపర్స్ తీయండి.

ఎవరి కొలత వాళ్లదే

సైకిలు భాగాలకు ప్రపంచమంతటా ఒకే కొలతలు రాకముందు ఒక్కో దేశం ఒక్కో దారిన నడిచింది. ఇంగ్లండు అంగుళాల్లో లెక్క కట్టింది. ఫ్రాన్సు మీటర్లను పుట్టించిన దేశం, మిల్లీమీటర్లలో కట్టింది. తమాషా ఏమిటంటే రెండు లెక్కలూ దాదాపు ఒకేచోటికి చేరతాయి. ఆ ‘దాదాపు’ దగ్గరే సైకిళ్లు పాడవుతాయి. హ్యాండిలు కాడ ఫ్రెంచి బండికి 22 మి.మీ., మిగతా ప్రపంచానికి 22.2. మధ్య తేడా మిల్లీమీటరులో అయిదో వంతు. బయట దొరికే కాడను బలవంతంగా దూర్చితే సగం దిగి ఇరుక్కుంటుంది, లేదా ఫోర్కు గొట్టాన్ని ఉబ్బిస్తుంది. పెడలు మర ఫ్రెంచి కొలతలో 14 మి.మీ., ఇంగ్లీషు కొలతలో 9/16 అంగుళం, అంటే 14.29. ఇంగ్లీషు పెడలును ఫ్రెంచి క్రాంకులో ఎక్కించబోతే మెత్తటి అల్యూమినియం మరలను కోసుకుంటూ పోతుంది. ఫ్రెంచి పెడళ్ల మీద ‘డి’, ‘జి’ అని రోమన్ అక్షరాలు చెక్కి ఉంటాయి. ‘డి’ కుడికి, ‘జి’ ఎడమకి. పాత పెడళ్లు ఎంత వికారంగా ఉన్నా పారేయకండి.

అన్నిటికన్నా ప్రమాదం బీబీ కప్పులతో. పెడళ్ల ఇరుసును రెండు పక్కలా పట్టి ఉంచే ఉక్కు కప్పులవి. ఫ్రెంచి కప్పు వ్యాసం 35 మి.మీ., మరకూ మరకూ మధ్య దూరం 1 మి.మీ. ఇంగ్లీషు కప్పు 1.37 అంగుళం, అంగుళానికి 24 మరలు. అంటే సుమారు 34.8 మి.మీ. చేత్తో తిప్పితే ఓ రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా. సరిపోయిందనిపిస్తుంది. అక్కడి నుంచి పానాతో బిగిస్తే ఫ్రేము మర పోయినట్టే.

తిరిగే దిక్కు ఇంకో చిక్కు. తొక్కేటప్పుడు లోపలి బేరింగు గుండ్ల దొర్లుడుకి కుడి కప్పు ఎడమవైపుకి తిరిగి వదులవ్వాలని చూస్తుంది. ఇంగ్లీషు వాళ్లు దీన్ని గ్రహించి కుడి కప్పుకి ఎడమ మర పెట్టారు. స్విస్ వాళ్లు 35 మి.మీ. కొలతే ఉంచుకుని కుడి పక్కకు ఎడమ మర పెట్టారు. ఫ్రెంచి వాళ్లు మాత్రం రెండు పక్కలా కుడి మరే ఉంచి, కార్ఖానాలో కొండంత బలంతో బిగించేవారు. కాబట్టి ఫ్రెంచి బండి కుడి కప్పు విప్పాలంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పాలి, స్విస్ దాన్ని ముల్లు తిరిగే వైపే తిప్పాలి. 1970ల చివర్లో ప్యూజో కొన్నాళ్లు స్విస్ మర వాడింది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. బండి ఏ సంవత్సరానిదో నిక్కచ్చిగా తేల్చుకోకుండా కుడి కప్పు మీద బలం పెట్టకూడదు. దిక్కు తప్పితే ఎంత లాగితే అంత బిగుస్తుంది.

ఇంత జాగ్రత్త దేనికంటే, ఈ బండిలో చాలా భాగాలను ఇప్పుడు చేసేవాళ్లు లేరు. పాడుచేసిన భాగానికి బదులు ఇంకో పాత బండిని విప్పాలి. అందుకే ఈ పనిలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. కొత్తదానిలా మెరిపించడం కాదు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా నడిపించడం.

విప్పడం

ముందు ఫ్రేము బాగుందో లేదో చూడాలి. ముందరి లగ్గు దాటిన చోట, కింది గొట్టం అడుగున వేలితో నెమ్మదిగా తడమాలి. ఎప్పుడైనా ఎదురుగా దేన్నయినా గుద్దుకుని ఉంటే అక్కడ సన్నటి ముడత తగులుతుంది. పెయింటు కింద కంటికి కనబడకపోవచ్చు, వేలికి మాత్రం తెలుస్తుంది. ముడత ఉందంటే ఆ బండిని గోడకు తగిలించుకోవాల్సిందే. నా దానికి లేదు.

హ్యాండిలు కాడ మాత్రం కదలనంది. ఉక్కు గొట్టంలో అల్యూమినియం కాడ, మధ్యలో చెమట, వాన నీరు. రెండు లోహాల నడుమ దశాబ్దాల పాటు తెల్లటి పొడి పేరుకుని సిమెంటులా పట్టేసింది. పైబోల్టును నాలుగు చుట్లు వదులు చేసి, చెక్క ముక్క ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే లోపలి బిరడా కిందికి జారింది. కాడ జారలేదు. అప్పుడు చేయాల్సింది హ్యాండిలు పట్టి మెలితిప్పడం కాదు. పట్టేసిన అల్యూమినియానికి అమ్మోనియా మంచి మందు. కిటికీలన్నీ తెరిచి, గ్లౌజులు తొడుక్కుని, బండిని తలకిందులు చేసి ఫోర్కు కింది నుంచి కొద్దికొద్దిగా పోసి రాత్రంతా వదిలేయాలి. బ్లీచింగ్ ఉన్న చోట అమ్మోనియా తేనే కూడదు, విషవాయువు పుడుతుంది. మర్నాడు కాడ చుట్టూ మంచు ముక్కలున్న గుడ్డ చుట్టాలి. చల్లబడితే ఉక్కు కన్నా అల్యూమినియం రెట్టింపు ముడుచుకుంటుంది. ఇవన్నీ అయ్యాక ముందరి చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి అటూ ఇటూ కదిపితే ఎక్కడో లోపల ‘కిర్’మంది. ఆ చప్పుడు వినడం కోసం మళ్లీ ఇంకో బండి విప్పమన్నా విప్పుతాను.

బయటికొచ్చిన కాడ ఆవా కంపెనీది. చూడముచ్చటగా ఉంటుంది గానీ కింద చీలిక చివర పగులుతుందని వీటికి చెడ్డపేరు. తొక్కుతుండగా హ్యాండిలు చేతికొస్తే పళ్లే కాదు, ప్రాణం పోతుంది. దాన్ని భద్రంగా డబ్బాలో దాచి, కొత్త 22.2 మి.మీ. కాడ తెచ్చి లోపలికి దిగే భాగాన్ని ఎమరీ కాగితంతో రుద్దాను. చుట్టూ సమానంగా రుద్దాలి, మాటిమాటికీ కొలవాలి. ఆ అయిదో వంతు అరిగాక నూనె రాసినట్టు దిగింది. పాతదాన్ని నిలబెట్టాలనే పంతం బ్రేకులు, హ్యాండిలు, ఫోర్కు దగ్గర పనికిరాదు.

క్రాంకులు స్ట్రాంగ్‌లైట్ 93. సాంతెతియెన్ పట్టణంలో తయారీ. కాటర్ పిన్ను లేని అల్యూమినియం క్రాంకును 1933లోనే తెచ్చిన కంపెనీ అది. వీటిని లాగే పుల్లరు అంతటా 22 మి.మీ. ఉంటే, వీళ్లది 23.35. చిన్నది పెట్టినా రెండు మరలు అందుకున్నట్టే అనిపించి, లాగేసరికి మొత్తం ఊడ్చుకొస్తుంది. సరైన పుల్లరు ప్రతి ఇంట్లో ఉండదు. అదృష్టం కొద్దీ ఫ్రాన్సులో చాలా ఊళ్లలో ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకునే సహకార వర్క్‌షాపులున్నాయి. ఏడాది చందా కడితే పనిముట్లు, పాత భాగాల డబ్బాలు, తల నెరసిన మనుషుల సలహా దొరుకుతాయి. కుడి కప్పును పొడవాటి బోల్టు, మందపాటి వాషర్లతో రెండు పక్కలా బిగించి, ఆ బోల్టు తలకు పానా వేసి తిప్పే పద్ధతి నాకు అక్కడే చూపించారు. పానా జారదు, కప్పు అంచు దెబ్బతినదు.

తుప్పు, రంగు

రంగు గీకించి కొత్తగా వేయించాలా అని అందరూ అడుగుతారు. వద్దనే అంటాను. పెయింటు ఎప్పుడైనా వేయొచ్చు, పాత పెయింటు మళ్లీ రాదు. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో తుడిచి, స్టిక్కర్ల దగ్గర తడి దూదితో అద్ది, కారు పాలిష్ పలచగా పట్టిస్తే చాలు. థిన్నరు దగ్గరికి రానివ్వకూడదు. క్రోమ్ మీది చుక్కల తుప్పుకి వంటింట్లోని అల్యూమినియం రేకు నలిపి నీళ్లలో ముంచి రుద్దితే పోతుంది. మొండి తుప్పున్న ఉక్కు భాగాలను ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. అది విషం, పిల్లలకు అందకూడదు. అల్యూమినియం భాగాలు అందులో వేయకూడదు.

గుండ్లు మాత్రం నిస్సంకోచంగా కొత్తవి వేసేయండి. బీబీలో ఒక్కో పక్కకి పావు అంగుళం గుండ్లు 11. మన హీరో, అట్లాస్ సైకిళ్ల బీబీలో తిరిగే పావు అంగుళం గుండ్లే ఇవీ. కొలతల పోరులో అక్కడొక్కచోట అందరికీ రాజీ కుదిరింది.

బ్రేకులు మఫాక్ రేసర్. క్లెర్మాన్ ఫెరాన్‌లో 1952 నుంచి చేశారు. కేకలు పెట్టడంలో పేరు మోసినవి. రబ్బర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి, తీసేయాలి. మఫాక్ రబ్బరు కాడను ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. చక్రం తిరిగే వైపు రబ్బరు ముందు కొస రిమ్ముకి కాస్త ముందుగా తగిలేలా వంచి బిగిస్తే కేక ఆగుతుంది. ఇంత సులువుగా సర్దుకునే బ్రేకు నేను ఇంకోటి చూడలేదు.

గేర్లు మార్చే సింప్లెక్స్ డిరేలియర్ డిజాన్ పట్టణంలో పుట్టింది. 1960ల నుంచి దాన్ని డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో చేశారు. తేలిక, తుప్పు పట్టదు, తనే నూనె రాసుకున్నట్టు జారుతుంది. ఆనాటికి ధైర్యమైన ఆలోచనే. కానీ వయసు మీద పడితే పగులుతుంది. ముందరి డిరేలియర్‌ను ఫ్రేముకు బిగించే పట్టీ మరీ సున్నితం, ఒక్క చుట్టు ఎక్కువైతే టప్పుమంటుంది.

సాంతెతియెన్, డిజాన్, క్లెర్మాన్ ఫెరాన్... ఒక్క సైకిలులో ఇన్ని ఊళ్ల కూలి, నేర్పు కలిశాయి. తర్వాత జపాన్ నుంచి చవగ్గా, నిక్కచ్చిగా పనిచేసే భాగాలొచ్చాయి. 1980లు ముగిసేసరికి ఆ ఫ్రెంచి కార్ఖానాలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి. మరల యుద్ధంలో మిల్లీమీటరు ఓడిపోయింది. చక్రాల దగ్గర మాత్రం ఫ్రాన్సే గెలిచింది. ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి రోడ్డు సైకిలుకీ ఉండే 700సీ చక్రం ఫ్రెంచి కొలతే. హైదరాబాదులో బ్రెవేలనే దూరపు సవారీలు తొక్కేవాళ్ల బళ్లకీ అదే. మన పల్లెల్లో పాల క్యాన్లు మోసిన 28 అంగుళాల సైకిలు చక్రం కూడా ఫ్రెంచి లెక్కలో 700బీ అవుతుంది. టైరు కూర్చునే చోట వ్యాసం 635 మి.మీ. 700సీకి 622. పేర్లు దగ్గరే గానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

వెనక చక్రం పుల్లలు మార్చాలనుకుంటే ముందు ఫ్రీవీలు విప్పండి. పుల్లలు కోసేశాక దాన్ని తిప్పడానికి పట్టు దొరకదు. పీఎక్స్-10కి జిగురుతో అతికించే ట్యూబులర్ టైర్లు వచ్చేవి. పంక్చరైతే కుట్లు విప్పి అతుకు వేయాలి. రోజూ తొక్కే బండికి అదంతా తలనొప్పని నేను మామూలు టైర్లు ఎక్కే రిమ్ములు పాత హబ్బులకే కట్టించుకున్నాను. అసలు రిమ్ములు అటక మీదున్నాయి.

అన్నీ బిగించాక తొలిసారి ఇంటి చుట్టుపక్కలే తొక్కాలి. తిరిగొచ్చి క్రాంకు బోల్టులు మళ్లీ బిగించాలి. ఉక్కు ఇరుసు మీద అల్యూమినియం సర్దుకుంటుంది. కుడి కప్పు వదులైందేమో చూడాలి, చక్రాల బెండు తీయాలి. నా బండి ఇప్పుడు సోన్ నది గట్టు వెంట రోజూ తిరుగుతోంది. సోమూర్‌లో 2011 నుంచి జూన్ నెలలో ‘ఆంజూ వెలో వింటేజ్’ అని పాత సైకిళ్ల పండుగ జరుగుతోంది. వచ్చే ఏడు దాన్ని అక్కడికి తీసుకెళ్లాలని ఉంది. ఈలోగా ముందరి డిరేలియర్‌కి ఇంకో డెల్రిన్ పట్టీ సంపాదించి పెట్టుకోవాలి.