కంప్యూటరు మళ్లీ కొనవచ్చు, అందులోనివి కొనలేము



ఒకప్పుడు మన ఇళ్లలో విలువైన కాగితాలు ట్రంకుపెట్టెలో ఉండేవి. ఫోటోలు గోడమీద పటాలలో ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ స్థానం కంప్యూటరుకు వచ్చింది. అమ్మాయి పెళ్లి ఫోటోలు, పొలం కాగితాల స్కాన్ ప్రతులు, పిల్లల చదువు తాలూకు కాగితాలు, ఇంటి జమాఖర్చులు అన్నీ అందులోనే. ట్రంకుపెట్టెకు తాళం వేసేవాళ్లం, చెదలు పట్టకుండా ఎండబెట్టేవాళ్లం. కంప్యూటరులో పెట్టినవాటికి మాత్రం ఏ జాగ్రత్తా తీసుకోము. "లోపలే ఉన్నాయి గదా, ఎక్కడికి పోతాయి?" అనుకుంటాము. మేమూ అట్లే అనుకున్నాము. అనుకున్నందువలన ఏమి పోగొట్టుకున్నామో చెప్పి, మీ ఇంట అట్లు జరుగకుండా ఏమి చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాము.

మా ఇంట జరిగినది

మా నాన్నగారు 2016లో కన్నుమూశారు. అంతకు ముందు సంవత్సరం వేసవిలో ఆయనను అరుగుమీద కూర్చోబెట్టి, చిన్ననాటి సంగతులు, 1977 నవంబరు ఉప్పెన నాటి సంగతులు చెబుతుండగా ఫోనులో రికార్డు చేశాము. సుమారు గంటన్నర. ఫోనులో చోటు చాలడం లేదని దానిని కంప్యూటరులోనికి మార్చి, ఫోనులోనిది తుడిచివేశాము. మా పొరపాటు అక్కడే జరిగింది.

2019 మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మరునాడు కంప్యూటరు ఆన్ చేస్తే లోపలనుండి గోటితో బల్లమీద కొట్టినట్లు టక్, టక్ మని శబ్దం. తెరమీద నాలుగు తెల్ల అక్షరాలు తప్ప ఏమీ రాలేదు. పట్టణంలో ఒక దుకాణానికి తీసుకుపోయాము. అక్కడి కుర్రవాడు చూచి, "హార్డ్ డిస్క్ పోయింది సార్. గ్యారంటీ ఉంది, భయం లేదు, కొత్తది ఇస్తారు" అన్నాడు.

"లోపల ఉన్నవో?" అని అడిగాము.

"గ్యారంటీ డిస్కుకే సార్, లోపల ఉన్నవాటికి కాదు. బ్యాకప్ ఉందా?"

లేదు. హైదరాబాదులో పోయిన ఫైళ్లను తిరిగి తీసేవారి దగ్గరకు పంపాము. లోపలి బిళ్లమీద గీతలు పడినవి గనుక ఏమీ రాదని తిప్పి పంపారు. ఫోటోలలో కొన్ని మా చెల్లెలి ఫోనులోను, మా బావమరిది ఫోనులోను దొరికాయి. వాట్సాప్‌లో పంపినవి గనుక అవి చిన్నవైపోయి, పెద్దవి చేస్తే ముఖాలు మసకగా ఉన్నాయి. నాన్నగారి గొంతు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక అయిన తరువాత మా అమ్మ, "నాన్న మాట్లాడింది ఒక్కసారి పెట్టు నాయనా" అని అడిగింది. ఆమెకు నిజం చెప్పవలసి వచ్చింది.

లోపల ఏముంటుంది?

హార్డ్ డిస్క్ క్రొత్త వస్తువు కాదు. మొదటిదానిని ఐబీఎం సంస్థ 1956లో తయారు చేసింది. 24 అంగుళాల వెడల్పుగల 50 పళ్లేలను ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ యంత్రం బీరువా అంత ఉండేది. దానిలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఈనాడు మనం ఫోనుతో తీసే ఒక్క ఫోటోకే అంత చోటు కావాలి.

పరిమాణం తగ్గినా పద్ధతి అదే. లోపల అద్దంలా మెరిసే బిళ్లలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటిమీద వెంట్రుక మందంకంటె ఎన్నో రెట్లు తక్కువ ఎడంలో ఒక చిన్న ముల్లు తేలుతూ వ్రాతను చదువుతుంది. తిరిగేటప్పుడు కుదుపు తగిలినా, భాగాలు అరిగినా ఆ ముల్లు బిళ్లను గీయవచ్చు. గీసినచోట ఉన్నది ఇక రాదు.

ఇప్పుడు వచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఎస్‌ఎస్‌డి ఉంటుంది. అందులో తిరిగే భాగాలు లేవు గనుక కుదుపుకు తట్టుకుంటుంది, వేగంగా పనిచేస్తుంది. అయితే అది చెడిపోయేటప్పుడు శబ్దం కూడా చేయకపోవచ్చు. నిన్న పనిచేసినది ఈరోజు పలకదు. కాబట్టి ఏ రకమైనా సరే, ఒకనాడు చెడుతుందని తెలిసి వాడుకోవాలి.

కాపీ అనుకునేవి, కాపీ కానివి

ఇళ్లకు వెళ్లినప్పుడు ఈ మాట కదిపితే చాలామంది ధీమాగా, "అయ్యగారూ, మేము అన్నీ డి డ్రైవ్‌లో వేసుకున్నాం" అంటారు. ఇది గ్రహించవలసిన విషయం. చాలా ఇళ్లలో సి డ్రైవ్, డి డ్రైవ్ రెండూ ఒకే హార్డ్ డిస్కులో గీత గీసి పంచిన రెండు భాగాలు. ఒకే ఇంటికి రెండు గదులవంటివి. విండోస్ చెడిపోయి మళ్లీ ఎక్కించినప్పుడు డి డ్రైవ్‌లోనివి మిగలవచ్చు. డిస్కే పోతే రెండూ పోతాయి.

కంప్యూటరులోనుండి తీసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవడం కూడా కాపీ కాదు. చోటు మారిందేగాని ప్రతి ఒక్కటే. పైగా పెన్ డ్రైవ్ జేబులో పడిపోయేది, బట్టలతోపాటు నీళ్లలో నానేది. ఏ ఫైలైనా రెండు వేరు వేరు వస్తువులలో ఒకే సమయాన ఉంటేనే కాపీ ఉన్నట్లు లెక్క.

మొదట ఏవి?

అన్నిటికీ ఒకే విలువ లేదు. సినిమాలు, పాటలు మళ్లీ దొరుకుతాయి. ఆధార్ వంటి పత్రాలను, అనేక మార్కుల జాబితాలను 2015లో ప్రభుత్వం ప్రారంభించిన డిజిలాకర్‌లో మళ్లీ పొందవచ్చు. ఎక్కడా మళ్లీ దొరకనివి మన ఇంటివారి ఫోటోలు, వీడియోలు, పెద్దల గొంతులు, మనం చేతితో టైపు చేసిన లెక్కలు, పాత దస్తావేజుల స్కాన్ ప్రతులు. "ఇది పోతే ఎవరిని అడిగి తెచ్చుకోగలను?" అని ఒక్కొక్కదాని గురించి ప్రశ్నించుకోండి. జవాబు రానివన్నీ ముందుగా కాపీ చేయవలసినవి.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రోఘ్ అనే అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటున్నది. ముఖ్యమైనది ఏదైనా మూడు ప్రతులుండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాలలో ఉండాలి. అందులో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. రైతు విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయడు గదా, ఇదీ అంతే.

మన ఇళ్లలో ఇది ఇట్లు చేయవచ్చు. మొదటి ప్రతి కంప్యూటరులో ఉన్నదే. రెండవది బయట తగిలించే హార్డ్ డిస్కులో. ఒక టెరాబైటు డిస్కులో 5 ఎంబీ ఫోటోలు సుమారు రెండు లక్షలు పడతాయి. ఒక కుటుంబానికి అది ఎన్నో ఏళ్లు సరిపోతుంది. మూడవది వేరే ఊరిలో ఉన్న అన్నదమ్ముల ఇంటనో, కూతురి ఇంటనో ఇంకొక డిస్కులో, లేదా ఇంటర్నెట్‌లో. ఇల్లు కాలినా, వరద వచ్చినా, దొంగలు పడినా ఆ ఒక్కటి నిలుస్తుంది.

చేసే పద్ధతి

కంప్యూటరులో సంవత్సరం పేరుతో ఒక్కొక్క ఫోల్డరు చేయండి. 2023, 2024, 2025 అని. ఫోనులోని ఫోటోలను వాట్సాప్‌లో పంపుకొనక, వైరు తగిలించి అందులో వేయండి. అప్పుడు అసలు ప్రతి నాణ్యత తగ్గకుండా వస్తుంది. తరువాత బయటి డిస్కును తగిలించి, ఆ ఫోల్డర్లను కాపీ, పేస్ట్ చేయండి. కట్ అనేది ఎన్నడూ వాడవద్దు. మధ్యలో కరెంటు పోతే చిక్కులు వస్తాయి. పని ముగిశాక డిస్కును ఒక్కసారిగా లాగవద్దు. తెర క్రింది మూలన ఉండే ఎజెక్ట్ గుర్తు నొక్కి, తీయవచ్చునన్న మాట కనబడిన తరువాతనే తీయండి.

పని అయిన తరువాత ఆ డిస్కును కంప్యూటరుకే తగిలించి ఉంచవద్దు. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిచిపెట్టడానికి 300 డాలర్లు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అటువంటి వైరస్ వచ్చినప్పుడు తగిలించి ఉన్న డిస్కుకు కూడా తాళం పడుతుంది. బీరువాలో ఉన్నదానికి పడదు.

చివరగా, కాపీ చేసిన డిస్కులోనుండి నాలుగు ఫోటోలు, ఒక వీడియో తెరచి చూడండి. తెరచి చూడని కాపీని నమ్మడానికి లేదు. పక్కన పెట్టిన డిస్కును ఏడాదికి రెండుసార్లయినా తగిలించి పరీక్షించండి.

ఇంటర్నెట్‌లో దాచుకుంటే

గూగుల్ ఖాతా ఉన్నవారికి ఉచితంగా 15 జీబీ చోటు ఇస్తారు. మెయిళ్లు, ఫోటోలు, ఫైళ్లు మూడూ అందులోనే పట్టాలి. ఫోటోలకు పరిమితి లేని ఉచిత చోటు 2021 జూన్ 1తో ఆగిపోయింది. కాబట్టి ఎన్నుకున్న కొన్నిటిని అక్కడ పెట్టడం మంచిది. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. ఫోను, ఇంటర్నెట్ రెండూ కలిపి నడిచేటట్లు పెట్టుకున్నప్పుడు ఒకచోట తుడిచితే రెండవచోట కూడా పోతుంది. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటుంది, తరువాత ఉండదు. రెండవది, రెండు సంవత్సరాలు ముట్టని ఖాతాను తొలగించవచ్చుననే నియమం పెట్టి, గూగుల్ 2023 డిసెంబరు నుండి అమలు చేసింది. ఖాతా పాస్‌వర్డు ఇంటిలో ఇద్దరికి తెలిసి ఉండాలి. ఒక పుస్తకంలో వ్రాసి బీరువాలో పెట్టండి.

కరెంటు సంగతి

పల్లెలలో కరెంటు పోవడంకంటె వచ్చేటప్పుడే ప్రమాదం ఎక్కువ. బల్ల కంప్యూటరుకు యూపీఎస్ తప్పక ఉండాలి. అది గంటలకొద్దీ పని చేసుకోవడానికి కాదు, ఉన్న పది నిమిషాలలో పని భద్రపరచి సరిగా ఆపుచేయడానికి. బ్యాటరీ రెండు మూడేళ్లకు బలహీనపడుతుంది. ఇన్వర్టరు ఉన్నవారు దానిలో యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది వేసి ఉంచండి. ఉరుములు మెరుపులు మొదలైతే స్విచ్ ఆపడంతో సరిపెట్టక, ప్లగ్గు తీసివేయండి, ఇంటర్నెట్ వైరు కూడా తీయండి. ఇంటికి ఎర్తింగ్ సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి.

విండోస్ 10 వాడుతున్నవారికి ఒక మాట. దానికి మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. ఇళ్లలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇస్తామని ప్రకటించింది. మీ కంప్యూటరు విండోస్ 11కు పనికివస్తుందేమో తెలిసినవారిని అడగండి. మార్చబోయే ముందు మాత్రం కాపీ చేసుకోండి. మార్పిడి సమయంలోనే చాలామంది పోగొట్టుకుంటారు.

చెడిపోయిందనిపిస్తే

శబ్దం వచ్చినా, ఫోల్డర్లు కనబడకపోయినా వెంటనే ఆపుచేయండి. "మళ్లీ ఒకసారి చూద్దాం" అని పదిసార్లు ఆన్ చేయవద్దు. మేము అదే చేశాము. ఒక్కొక్క ప్రయత్నానికి గీతలు పెరుగుతాయి. పొరపాటున తుడిచినదైతే ముందు రీసైకిల్ బిన్ చూడండి. పెన్ డ్రైవ్‌లో తుడిచినవి సాధారణంగా అక్కడికి రావు, అప్పుడు ఆ పెన్ డ్రైవ్‌లో క్రొత్తవి ఏమీ వేయకుండా తెలిసినవారికి చూపండి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ చేయవద్దు" అని కాగితంమీద వ్రాసి కంప్యూటరుకు అంటించండి. నోటిమాట దుకాణంలో చేతులు మారేసరికి మరచిపోతారు.

ఈ నెలలో చేయవలసినవి

1. మళ్లీ దొరకనివి ఏవో ఇంటిల్లిపాది కూర్చుని జాబితా వ్రాయండి.

2. బయటి డిస్కు ఒకటి కొని వాటిని కాపీ చేయండి, తెరచి చూడండి.

3. రెండవ డిస్కు వేరే ఊరిలోని బంధువులకు అప్పగించండి. వారి డిస్కు మీరు ఉంచుకోండి.

4. ప్రతి నెలా మొదటి శనివారం వంటి ఒక రోజు నియమించుకుని, పిల్లలలో ఒకరికి ఈ పని ఒప్పగించండి. పెద్దలకంటె వారే మరువకుండా చేస్తారు.

మా అమ్మకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆమె మాటలను ఫోనులో రికార్డు చేస్తున్నాము. చుట్టాల వరుసలు, పచ్చడి పట్టే కొలతలు, నాన్నగారు చెప్పిన ఉప్పెన సంగతులలో ఆమెకు గుర్తున్నంత మేరకు చెబుతున్నది. అవి మా కంప్యూటరులో ఒకటి, బీరువాలో ఒకటి, మా చెల్లెలి ఇంట ఒకటి ఉన్నాయి. పోయినది తిరిగి రాలేదు. మీ ఇంట అరుగుమీద ఇంకా ఎవరైనా కూర్చుని ఉంటే, వారి మాటలు రికార్డు చేయండి, ఆ సాయంత్రమే ఇంకొకచోట కాపీ పెట్టండి.